సర్జికల్ షాపు ఫోల్డింగ్ వీల్‌చైర్: భుజం వైపు నుంచి ఒక రివ్యూ

హైదరాబాద్ కోఠిలో గానీ, విశాఖలో కేజీహెచ్ చుట్టుపక్కల గానీ ఏ సర్జికల్ షాపుకెళ్లి వీల్‌చైర్ కావాలన్నా ముందు బయటికి తెచ్చేది ఒకటే కుర్చీ. క్రోమ్ పూసిన ఇనప గొట్టాల ఫ్రేము, నల్ల రెక్సిన్ సీటు, వెనక 24 అంగుళాల చక్రాలు, ముందు క్యాస్టర్లు అనే 8 అంగుళాల చిన్న చక్రాలు, సీటు కింద కత్తెరలా మడతపడే రెండు కడ్డీలు. కంపెనీని బట్టి ఆరు నుంచి తొమ్మిది వేల రూపాయలు. బరువు 17 నుంచి 20 కిలోలు. సీటు వెడల్పు 18 అంగుళాలు. కూర్చునేది ఆరడుగుల మనిషైనా, నలభై కిలోల అమ్మాయైనా అదే 18.

తీర్పు ముందే చెప్పేస్తే, వార్డు నుంచి స్కానింగ్ గది దాకానో, ఇంటి నుంచి గుడి దాకానో వెనక నుంచి ఒకరు నెట్టే పనికి ఇది మంచి కుర్చీ. గట్టిది, మొరటు వాడకానికి తట్టుకుంటుంది, వెల్డింగ్ షాపులో బాగవుతుంది. కానీ వెన్నెముక దెబ్బ తగిలో, పోలియో వల్లో రోజంతా తన చేతులతో తనే కుర్చీ నడుపుకునే మనిషికి దీన్ని అంటగట్టడం తప్పు. అలాంటి మనిషికి భుజమే కాలు. వీల్‌చైర్ వాడేవాళ్లలో భుజం నొప్పి ఎంతమందికి ఉందని వచ్చిన అధ్యయనాల్లో అంకె 30 నుంచి 70 శాతం మధ్య తిరుగుతుంటుంది. అందులో కొంత వయసు వల్ల, కొంత బదిలీల వల్ల, అంటే మంచం మీంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి కారులోకీ ఒంటిని మార్చుకోవడం వల్ల. మిగతాది కుర్చీ అమరిక, చెయ్యి తోసే తీరు. ఈ రివ్యూ ఆ చివరి రెండింటి గురించే.

భుజంలో ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో. చేతి ఎముక తలను గూటిలో నిలబెట్టేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వాటిలో పైదాని స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు పట్టే తాడు, భుజం కొస ఎముక కింద ఇరుకు సందులోంచి వెళ్తుంది. రిమ్ము, అంటే చక్రం పక్కన చేత్తో తోసే గుండ్రటి గొట్టం, దాని మీద కిందికి, ముందుకి బలంగా తోసినప్పుడల్లా చేతి ఎముక తల పైకి జరగాలని చూస్తుంది. చెయ్యి పక్కకు లేచి, లోపలికి తిరిగి ఉన్నప్పుడు ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. ఒక్కసారి నలిగితే ఏమీ కాదు. నిమిషానికి యాభై అరవై సార్లు, రోజూ, ఏళ్ల తరబడి నలిగితే వాపు, ఆ తర్వాత చిరుగు.

ఇక కుర్చీ. అన్నిటికంటే ముందు చూడాల్సింది వెనక చక్రం యాక్సిల్, అంటే ఇరుసు, ఎక్కడుందన్నది. ఈ కుర్చీలో యాక్సిల్ సరిగ్గా వీపు ఆనుకునే గొట్టం కింద బిగించి ఉంటుంది; కొన్నిటిలో ఒక వేలెడు వెనకే ఉంటుంది. కుర్చీ వెనక్కి పడకూడదని కంపెనీ అలా చేస్తుంది. ఆస్పత్రికి అది సరైన ఆలోచనే. కానీ కూర్చున్న మనిషి భుజం కీలు వీపు గొట్టం కంటే ముందుంటుంది. అంటే చక్రం నడినెత్తి భుజానికి వెనకపడుతుంది. రిమ్మును వెనక నుంచి అందుకోవాలంటే మోచెయ్యి బాగా వెనక్కి లాగి, భుజం ముందుకు పొడుచుకొచ్చేలా వంచాలి. రోజుకు వందలసార్లు అలా ఎవరూ చెయ్యరు. నడినెత్తి దాటాకే రిమ్ము పట్టుకుని, ఒక చిన్న తోపు తోసి వదిలేస్తారు. తోపు పొట్టిదైతే అదే వేగానికి ఎక్కువ తోపులు కావాలి, ఒక్కోటీ దెబ్బలా పడాలి. భుజానికి రెండు వైపులా నష్టమే.

రెండో నష్టం ముందు చక్రాల్లో. యాక్సిల్ వెనక ఉంటే మనిషి బరువులో పెద్ద వాటా క్యాస్టర్ల మీద పడుతుంది. చిన్న చక్రం మీద బరువు పెరిగేకొద్దీ దొర్లడం కష్టం. తారు రోడ్డు గరుకు, షాబాద్ బండల మధ్య సందు, గడప ముందు రెండు సెంటీమీటర్ల ఎత్తు, అన్నీ గోడలవుతాయి. యాక్సిల్‌ను ముందుకు జరిపితే బరువు పెద్ద చక్రాల మీదికి వెళ్తుంది, రిమ్ము ఎక్కువ మేర చేతికందుతుంది, క్యాస్టర్లు లేపి గడప దాటడం తేలికవుతుంది. రోడ్డు పక్కకు వాలి ఉన్నప్పుడు కుర్చీ పల్లం వైపు లాగడం కూడా తగ్గుతుంది. ఇది ఊహ కాదు. రిమ్ము మీద పడే బలాన్ని కొలిచే ప్రత్యేక చక్రాలతో పిట్స్‌బర్గ్ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో యాక్సిల్ భుజానికి వెనకపడే కొద్దీ తోపులు ఎక్కువ, బలం ఒక్కసారిగా పెరిగే తీరు ఎక్కువ అని తేలింది. అమెరికాలో వెన్నెముక గాయమైన మాజీ సైనికుల సంఘం 2005లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతాయి: వెనక్కి పడే భయం లేనంత వరకు యాక్సిల్‌ను ముందుకు తేవాలి.

ఈ కుర్చీలో ఆ పని చెయ్యడానికి వీల్లేదు. ఫ్రేముకు వెల్డు చేసిన ఒకే ఒక బొక్క. మార్కులన్నీ పోయేది ఇక్కడే. కొన్ని మోడళ్లలో రెండు మూడు బొక్కలు కనిపిస్తాయి, షాపువాళ్లు "అడ్జస్టబుల్ అండీ" అంటారు. జాగ్రత్తగా చూడండి, అవి పైకీ కిందికీ ఉంటాయి తప్ప ముందుకీ వెనక్కీ ఉండవు. వాటితో మారేది సీటు ఎత్తు. అదీ వెనక చక్రం ఒక్కటే పై బొక్కలోకి మారిస్తే సీటు వెనక్కి వాలి, క్యాస్టర్ నిలువు కడ్డీ ఒరిగిపోయి, కాస్త వేగమందుకోగానే ముందు చక్రం గిలగిలా కొట్టుకుంటుంది. దానికి తగ్గట్టు క్యాస్టర్ కూడా జరపాలి. చాలా కుర్చీలకు ఆ వీలూ లేదు.

ఒక మినహాయింపు చెప్పాలి. రెండు కాళ్లూ తొడ దగ్గర తీసేసిన వాళ్లకు యాక్సిల్ వెనకే ఉండాలి. ముందు కాళ్ల బరువు లేక కుర్చీ ఇట్టే వెనక్కి పడుతుంది. వాళ్ల విషయంలో ఈ కుర్చీ అమరికకు వంక పెట్టలేం.

సీటు ఎత్తు సంగతి. చెయ్యి రిమ్ము నడినెత్తి మీద పెట్టినప్పుడు మోచెయ్యి దగ్గర పై చేతికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. కోణం కొలిచే సాధనం అక్కర్లేదు. చేతులు పక్కకు వదులుగా వేలాడేస్తే నడిమి వేలి కొస యాక్సిల్ నట్టు దగ్గరికి రావాలి. వేలు నట్టు దాటి కిందికి పోతే సీటు మరీ కిందికి ఉన్నట్టు, భుజం పైకెత్తి పక్కకు విప్పి తోయాల్సి వస్తుంది. వేలు నట్టుకు బాగా పైనే ఆగిపోతే సీటు మరీ ఎత్తు, రిమ్ము కొంచెమే అందుతుంది. ఈ కుర్చీ సీటు నేల నుంచి దాదాపు 50 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. రెక్సిన్ మీద ఊరికే కూర్చుంటే చాలామందికి కోణం ఫరవాలేదు. కానీ స్పర్శ లేని మనిషి ఊరికే కూర్చోకూడదు, పుండ్లు పడతాయి. మందమైన కుషన్ వేస్తే ఐదు నుంచి పది సెంటీమీటర్లు లేస్తారు. పొట్టివాళ్లకు అక్కడితో లెక్క తప్పుతుంది. చర్మం కాపాడుకోవాలా, భుజం కాపాడుకోవాలా అన్న ప్రశ్నే రాకూడదు, కుషన్ తప్పనిసరి. కుషన్ మందాన్ని లెక్కలో వేసుకుని సీటు దించగలిగే కుర్చీ కావాలి, ఇది దించదు.

వెడల్పు గురించి షాపుల్లో వినిపించే మాట, "కాస్త లూజుగా ఉంటే హాయిగా ఉంటుంది." సోఫాకైతే నిజమే. తుంటి వెడల్పు 14 అంగుళాలున్న మనిషి 18 అంగుళాల సీట్లో కూర్చుంటే రెండు వైపులా రెండేసి అంగుళాల ఖాళీ. చక్రం అంత దూరం జరిగినట్టే. చేతులు పక్కలకు రెక్కల్లా విప్పి తోయాలి, భుజంలో సందు ఇరుకయ్యే భంగిమ సరిగ్గా అదే. పైగా నడుము ఒక పక్కకు ఒరిగి, ఒక భుజం ఎక్కువ పని చేస్తుంది. తుంటికీ సైడు రేకుకీ మధ్య అరచెయ్యి నిలువుగా దూరేంత సందు చాలు. 16 అంగుళాల సీటు అడిగితే చాలా కంపెనీలు ఆర్డరు మీద ఇస్తాయి, స్టాకులో ఉండదంతే. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద క్యాంపులో కుర్చీకి పేరు రాయించుకునేవాళ్లు కూడా అక్కడే తుంటి కొలత తీయించుకుని ఫారంలో రాయించాలి.

రెక్సిన్ సీటు, రెక్సిన్ వీపు కొన్ని నెలల్లో జోలెలా సాగుతాయి. నడుము వెనక్కి జారి, వీపు గూనిపడి, భుజాలు ముందుకు వస్తాయి. ఆ భంగిమలో చెయ్యి పైకెత్తి చూడండి, నిటారుగా కూర్చున్నప్పటి కంటే తక్కువే లేస్తుంది. సీటుకు విరుగుడు తేలిక: కుషన్ కింద కొలతకు కోసిన 12 మి.మీ. ప్లైవుడ్ పలక, అంచులు రుద్ది, జారకుండా వెల్‌క్రో. వీపుకు రెక్సిన్ వెనక మూడు నాలుగు నైలాన్ పట్టీలు బకిల్స్‌తో అడ్డంగా బిగిస్తే నడుము దగ్గర బిర్రుగా, పైన కాస్త వదులుగా సర్దుకోవచ్చు. బ్యాగులు కుట్టేవాళ్లు కుట్టిస్తారు.

ఆర్మ్‌రెస్టులు. చవక మోడల్లో ఇవి ఫ్రేముకే వెల్డు చేసి ఉంటాయి. రెండు రకాల చెడు. ఒకటి, రిమ్ము వెనక భాగం అందుకోబోతే మోచెయ్యి దానికి తగులుతుంది, చెయ్యి ఇంకా పక్కకు విప్పాల్సిందే. రెండోది ఇంకా పెద్దది: మంచం మీదికి పక్కకు జరగడానికి అడ్డం. ఒళ్లంతా చేతుల మీద లేపి ఆ కడ్డీ దాటించాలి. సమతలం మీద కుర్చీ తోయడం కంటే ఒంటి బరువు చేతుల మీద లేపడంలో భుజం మీద భారం చాలా ఎక్కువ. కొనక తప్పకపోతే వెయ్యి పదిహేను వందలు ఎక్కువైనా ఊడదీసే ఆర్మ్‌రెస్టు, పక్కకు తిరిగే ఫుట్‌రెస్టు ఉన్న మోడలే తీసుకోండి. ఆ డబ్బు ఎక్కడా వృథా కాదు.

బ్రేకు గురించి ఎవరూ చెప్పరు గానీ చేతుల మీద గాట్లు చూస్తే తెలుస్తుంది. బ్రేకు హ్యాండిల్ చక్రానికి ముందు, సరిగ్గా చెయ్యి రిమ్మును వదిలే చోట పైకి నిలబడి ఉంటుంది. పొడుగ్గా తోస్తే బొటనవేలు వెళ్లి దానికి కొట్టుకుంటుంది. రెండు సార్లు తగిలాక మెదడు తోపును దానంతటదే కుదించేస్తుంది. పానాతో బిగింపు వదులు చేసి బ్రేకును ముందుకు జరిపితే వేలికి చోటొస్తుంది, కానీ అప్పుడు బ్రేకు టైరును పట్టదు. సీటు కిందికి మడిచే కత్తెర బ్రేకు దొరికితే మార్పించడం మేలు. ఏ బ్రేకైనా టైరులో గాలి నిండుగా ఉన్నప్పుడే పడుతుంది. గాలి దిగిన టైరు మీద బ్రేకు వేశామనుకుని మంచం మీదికి జరగబోతే కుర్చీ జారుతుంది, ఆ కుదుపు తీసుకునేది మళ్లీ భుజమే.

రిమ్ము సన్నటి క్రోమ్ గొట్టం, చూడ్డానికి మెరుస్తుంది. మే నెలలో చెమట చేతికి పట్టు చిక్కదు. పట్టు చిక్కకపోతే గట్టిగా పిడికిలి బిగిస్తాం, మణికట్టు బిగుస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే టేపు చుడితే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. తోయడానికి బాగుంటుంది. దిగుడు మీద రిమ్మును జారనిస్తూ ఆపాలంటే చెయ్యి కాలుతుంది. వేళ్లు బయటికుండే తోలు అరచేతి గ్లవ్స్ నయం, సైకిల్ తొక్కేవాళ్లవైనా పనికొస్తాయి.

టైర్లలో ఇప్పుడు రెండు రకాలు. గాలివి, ఘనమైనవి. ఘన టైరును "పంక్చర్ బాధ లేదు" అని అమ్ముతారు, ఆ మాట నిజమే. కానీ గాలి సగం దిగిన మామూలు టైరు కంటే కూడా అది బరువుగా దొర్లుతుంది. తనే తోసుకునే మనిషికి గాలి టైరే. ఎంత గాలి అన్నది టైరు పక్క మీద అచ్చువేసి ఉంటుంది. వేలితో నొక్కి చూస్తే తెలియదు. వారానికోసారి పంపుతో చూసుకోవాలి. అప్పుడే కుర్చీని బోర్లించి క్యాస్టర్ ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, చీర దారాలు చిన్న కత్తెరతో కోసి తీసేయండి. దారం చుట్టుకున్న క్యాస్టర్ బ్రేకు వేసినట్టే. ఫోల్డింగ్ ఫ్రేముకు ఇంకో జబ్బు: కడ్డీల బోల్టులు అరిగాక వెనక చక్రాలు రెండూ సమాంతరంగా ఉండవు. రెండు చక్రాల మధ్య దూరం యాక్సిల్ ఎత్తులో ముందు వైపూ, వెనక వైపూ టేపుతో కొలవండి. తేడా వస్తే చక్రాలు నేలను రాసుకుంటూ పోతున్నాయని అర్థం. ఎంత బాగా తోసినా ఆ ఒరిపిడి పోదు.

ఇప్పుడు చెయ్యి. కుడి పక్క నుంచి చూస్తున్నట్టు చక్రాన్ని గడియారం అనుకోండి, నడినెత్తి 12, ముందు వైపు 3. మంచి తోపు 11 దగ్గర, వీలైతే ఇంకాస్త వెనక మొదలై, 2 దాటాక ముగుస్తుంది. రిమ్మును పిడికిలితో పట్టరు. అరచేతి మడమ, బొటనవేలి కింది మెత్త రిమ్ముకు ఆనాలి, వేళ్లు వదులుగా కింద ఉండాలి. చెయ్యి రిమ్మును తాకే క్షణానికే చెయ్యి వేగం రిమ్ము వేగంతో కలిసి ఉండాలి; ఆగిన చెయ్యిని తిరుగుతున్న రిమ్ము మీద వేస్తే మొదట బ్రేకు పడి, తర్వాత తోపు మొదలవుతుంది. చప్పుడు వింటే తెలిసిపోతుంది, టప్ టప్‌మని వినబడితే చెయ్యి కొడుతోందని.

వదిలాక చెయ్యి వెనక్కి ఎలా వస్తుందన్నదే అసలు తేడా. పరిశోధకులు నాలుగు దారులు గుర్తించారు. మొదటిది, వచ్చిన దారినే రిమ్మును రాసుకుంటూ వెనక్కి రావడం. రెండోది, చెయ్యి రిమ్ము పైకి లేచి భుజం వైపుగా వెనక్కి రావడం. మూడోది, కాస్త పైకి లేచి, మధ్యలో రిమ్ము కిందికి దిగి వెనక్కి రావడం. నాలుగోది, వదలగానే చెయ్యి దాని బరువుకే రిమ్ము కిందికి వేలాడి, యాక్సిల్ వైపుగా అర్ధచంద్రాకారంలో వెనక్కి వెళ్లి మళ్లీ 11 దగ్గర పైకి రావడం. ఎవరూ నేర్పకపోతే ఎక్కువమంది రెండోదానికే అలవాటు పడతారు. పిట్స్‌బర్గ్ బృందమే 2002లో పారాప్లీజియా ఉన్న, అంటే రెండు కాళ్లూ చచ్చుబడిన, 38 మందిని చూసినప్పుడు అదే కనిపించింది. భుజానికి మంచిది కానిదీ అదే. చెయ్యి గాల్లో పైకెత్తి తిప్పడానికే కండరం పని చేస్తుంది, విశ్రాంతి దొరకదు. అర్ధచంద్రంలో తోపుల సంఖ్య తక్కువ, ఒక్కో చక్కరులో రిమ్ము మీద చెయ్యి ఉండే కాలం ఎక్కువ. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాలు మూడోదాన్ని కూడా దాని సరసన నిలబెట్టాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చెయ్యి రిమ్ము కిందికి దిగడం. నేర్చుకునేవాళ్లకు అది ఒక్కటి చెబితే చాలు: వదిలాక చెయ్యి కిందికి జారనివ్వండి.

తేడా ఎంతో ఒక లెక్క. ఒక్కో తోపుకు కుర్చీ మీటరు దూరం పోతే కిలోమీటరుకు వెయ్యి తోపులు. మీటరున్నర పోతే 670. రోజుకు కిలోమీటరున్నర తిరిగే మనిషికి ఏడాదిలో లక్షా ఎనభై వేల తోపులు మిగులుతాయి.

చిక్కల్లా ఈ సర్జికల్ షాపు కుర్చీలో అర్ధచంద్రం సగమే కుదురుతుంది. చెయ్యి కిందికి జారనివ్వడం వస్తుంది. 11 దగ్గర అందుకోవడం రాదు, యాక్సిల్ వెనకుంది కాబట్టి. వెడల్పు సీటు, ఆర్మ్‌రెస్టు, బ్రేకు హ్యాండిల్ తలా కాస్త అడ్డం పడతాయి. ఫిజియో ఎంత బాగా నేర్పినా ఇంటికెళ్లాక పాత పొట్టి తోపు తిరిగొస్తే తప్పు నేర్చుకున్నవాళ్లది కాదు, చేతికి అందనిది అందుకోమంటున్నాం.

ర్యాంపు దగ్గర పద్ధతి మారుతుంది. చెయ్యి కిందికి జారనిస్తే ఆ లోపు కుర్చీ వెనక్కి దొర్లుతుంది. అక్కడ మొదటి దారే సరి: ఒంటిని ముందుకు వంచి, చెయ్యి రిమ్ముకు దగ్గరగానే ఉంచి, చిన్నచిన్న తోపులు త్వరత్వరగా. మన భవనాల నియమాల్లో ఉన్న వాలు 1:12, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. 80 కిలోల మనిషి, 20 కిలోల కుర్చీ అనుకుంటే కిందికి లాగే బలమే ఎనిమిది కిలోలకు పైన, ఇది ఆపకుండా లాగుతుంటుంది. చెయ్యి మాత్రం సగం సేపే రిమ్ము మీద ఉంటుంది. లెక్క కడితే ఒక్కో చెయ్యి తోసేటప్పుడు ఎనిమిది కిలోలకు పైనే. ఇదంతా వాలు నిజంగా 1:12 ఉన్నప్పుడు. అపార్ట్‌మెంటు గుమ్మం ముందు బైకు ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలును ర్యాంపు అంటుంటారు. దాని మీద ఒంటరిగా ఎక్కబోతే వెనక్కి పడతారు, పడకపోతే భుజం చెబుతుంది. అక్కడ సాయం అడగడమే సరైన టెక్నిక్.

రోడ్డు మధ్య ఎత్తు, అంచు పల్లం కాబట్టి అంచున పోతుంటే పల్లం వైపు చెయ్యే అంతా తోస్తుంది. వాహనాలు లేని చోట మధ్యకు రండి, లేదా వెళ్లేటప్పుడు ఒక అంచు, వచ్చేటప్పుడు రెండో అంచు. దిగుడులో రిమ్మును బిగించి ఆపకండి, రెండు చేతుల్లోనూ అరచేతి కింద జారనివ్వండి.

బరువు గురించి ఇప్పుడు. పై కుర్చీ బరువని తెలిశాక షాపువాళ్లు చూపించేది అల్యూమినియం ఫోల్డింగ్, 12 నుంచి 14 కిలోలు, ధర దాదాపు రెట్టింపు. దీని మీద చాలామంది మోసపోతారు. అదే ర్యాంపు లెక్కలో కుర్చీ 20 నుంచి 13 కిలోలకు దిగితే లాగే బలం తగ్గేది అర కిలో చిల్లర, ఎందుకంటే మొత్తం బరువులో ఎక్కువ మనిషిదే. సమతలం మీద తేడా ఇంకా తక్కువ. కారులోకి ఎత్తిపెట్టేటప్పుడు మాత్రం ఏడు కిలోలు గొప్ప తేడా, ఎత్తేది ఎవరైతే వాళ్లకు. కానీ ఈ అల్యూమినియం కుర్చీల్లో ఎక్కువ వాటికి యాక్సిల్ అదే వెనక బొక్కలో ఉంటుంది, సీటు అదే 18 అంగుళాలు. తేలికైన పాత కుర్చీ. కిలోల కంటే ముందు యాక్సిల్ ప్లేటు అడగండి. ముందుకీ వెనక్కీ బొక్కల వరుస గానీ, జరిపి బిగించే క్లాంపు గానీ ఉందా అని.

అలాంటివి మన దేశంలో దొరకవనే రోజులు పోయాయి. ఐఐటీ మద్రాసులో పునరావాస పరికరాల మీద పనిచేసే టీటీకే ఆర్2డీ2 కేంద్రం నుంచి పుట్టిన నియోమోషన్ కంపెనీ 2021లో తెచ్చిన నియోఫ్లై, కొలతలు తీసుకుని మనిషికి తగ్గట్టు చేసే కుర్చీ. వచ్చినప్పుడు ధర దాదాపు 40 వేలు. దానికే తగిలించే నియోబోల్ట్ అనే బ్యాటరీ బండితో రోడ్డు దూరాలు వెళ్తే భుజానికి ఆ మేరకు సెలవు. 2025లో అదే ఐఐటీ నుంచి వైడీ వన్ అనే 9 కిలోల యాక్టివ్ కుర్చీ, అంటే తనే తోసుకునే మనిషి కోసం చేసిన కుర్చీ, వచ్చింది. విదేశీ టైటానియం ఫ్రేములు లక్షల్లో ఉంటాయి. 40 వేలంటే చిన్న మొత్తం కాదు. కానీ కఫ్ చిరిగాక ఆపరేషన్ ఖర్చు ఒక ఎత్తు, ఆ చేత్తో బరువు మోయకూడదన్న నెలలన్నీ మంచానికీ బాత్రూముకీ ఇంకొకరి మీద ఆధారపడటం ఇంకో ఎత్తు.

యాక్టివ్ కుర్చీకి అలవాటు పడటంలోనూ ఒక ప్రమాదం ఉంది. యాక్సిల్ ముందుకుంటే కుర్చీ వెనక్కి ఒరుగుతుంది. మొదటి రోజే పూర్తిగా ముందుకు పెట్టించుకోకండి. వెనక పడకుండా ఆపే యాంటీ టిప్ చక్రాలు తగిలించి, సెంటీమీటరు చొప్పున జరుపుకుంటూ, ప్రతిసారీ కొన్నాళ్లు నడిపి చూడాలి. వెనక బ్యాగు తగిలిస్తే సమతూకం మళ్లీ మారుతుంది, ల్యాప్‌టాప్ బ్యాగు సీటు కింద పెట్టుకోవడం మంచిది.

ఉన్న కుర్చీతోనే నెట్టుకురాక తప్పనివాళ్లు చెయ్యగలిగినవి పైన అక్కడక్కడా వచ్చాయి: గాలి, క్యాస్టర్, ప్లైవుడ్, పట్టీలు, చెయ్యి కిందికి జారనివ్వడం. దానికి తోడు ఒళ్లు. తోయడం వల్ల ఛాతీ కండరాలు, భుజం ముందు భాగం బలుస్తాయి, వెనకవి వెనకబడతాయి. రబ్బరు బ్యాండు తలుపు గొళ్లేనికి కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం. రెండు చేతులతో బ్యాండు లాగుతూ వీపు రెక్కలు దగ్గరికి తేవడం. తలుపు కమ్మీకి ముంజేతులు ఆనించి ఛాతీ సాగదీయడం. వారానికి మూడు రోజులు చాలు. కాలిఫోర్నియాలోని రాంచో లోస్ అమిగోస్ పునరావాస కేంద్రం 2011లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి వ్యాయామం, తోసే తీరు, బదిలీ తీరు మార్చడం కలిపి 12 వారాలు చేయిస్తే భుజం నొప్పి బాగా తగ్గింది. పుండ్లు రాకుండా చేతుల మీద లేచే అలవాటు ఉన్నవాళ్లు దాని బదులు ముందుకు వంగి ఛాతీని తొడల మీద ఆనించడం, లేదా ఒక్కో పక్కకు ఒరగడం చెయ్యొచ్చు. ఒత్తిడి తగ్గుతుంది, భుజం బతుకుతుంది.

జుట్టు దువ్వుకునేటప్పుడో, అల్మారా పై అర అందుకునేటప్పుడో చెయ్యి సగం లేచాక కలుక్కుమంటే, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే ఆగకండి, ఫిజికల్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. కుర్చీ కూడా వెంట తీసుకెళ్లండి, భుజం ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది.

షాపులో డబ్బు కట్టే ముందు మనిషిని తన సొంత కుషన్‌తో ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. చేతులు వేలాడేసి వేలికొస ఎక్కడికొచ్చిందో చూడండి. తుంటి పక్కన అరచెయ్యి పెట్టి చూడండి. ఆర్మ్‌రెస్టు ఊడదీసి మళ్లీ పెట్టమనండి, రెండు చేతులూ పట్టి గుంజితే తప్ప రాకపోతే అది ఇంట్లో ఎవరూ వాడరు. తర్వాత షాపు ముందు నున్నటి నేల మీద పది మీటర్లు తోయించి తోపులు లెక్కపెట్టండి. అదే దూరం ఇంకో కుర్చీలో. ఎక్కువ తోపులు పట్టిన కుర్చీని, ఎంత తగ్గింపు ఇస్తామన్నా, అక్కడే వదిలేయండి.